కంటికి ఆనని వెలుగుకు కొలబద్ద

మొన్నీమధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. విజయవాడలో ఒక క్యాలిబ్రేషన్ ల్యాబులో కొత్తగా చేరిందట. అతినీలలోహిత కాంతిని కొలిచే డిటెక్టర్లను సరిచూసే పని ఆమెకు అప్పగించారు. నేను ఆ పనిలోనే రిటైరయ్యానని ఎవరో చెబితే నంబరు సంపాదించుకుని ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. చివర్లో, "మన స్టాండర్డే తప్పు చెబుతుంటే ఎలా తెలుస్తుంది సార్?" అని అడిగింది.

"రెండో స్టాండర్డుతో పోల్చి చూడమ్మా" అన్నాను.

"ఆ రెండోది కూడా అదే తప్పు చెబుతుంటే?"

ఫోన్లో ఆమెకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. జవాబు తెలియక కాదు, అది రెండు మాటల్లో తేలేది కాదు. నేను ఇంటర్మీడియట్ దాటని మనిషిని. ఏలూరు గ్రంథాలయంలో వెలుగు గురించి ఉన్న పుస్తకాలన్నీ, తెలుగువీ ఇంగ్లీషువీ, ఒకటికి రెండుసార్లు చదివాను. ఆ సంగతి గర్వంగానే చెప్పుకుంటాను. కానీ ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు మాకు దొరికిన జవాబు వాటిలో ఎక్కడా లేదు. అది మాకు ఒక దసరా తర్వాత, ఒకామె చేతులు కాలాక తెలిసింది. ఆ జవాబు వెతికిన ఇద్దరిలో మా యజమాని సత్యానందం గారు ఇప్పుడు లేరు. నేను కూడా రాయకుండా ఉంటే అది నాతోనే పోతుంది. అందుకని కూర్చుని రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదాలో ఉన్నానన్నది ఇందులో ఉండదు.

పని ఏమిటంటే

కిరాణా కొట్టులో కిలో గుండు నిజంగా కిలో ఉందో లేదో తూనికల శాఖవాళ్లు తమ దగ్గరున్న అసలు గుండుతో, అంటే స్టాండర్డుతో, పోల్చి ముద్ర వేస్తారు. మేం వెలుగుకు అదే పని చేసేవాళ్లం.

కైకలూరు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో నీళ్లలోని క్రిములు చావడానికి యూవీ, అంటే అతినీలలోహిత కాంతి, ట్యూబులు పెడతారు. చర్మవ్యాధుల డాక్టర్లు మరో రకం యూవీ ట్యూబులతో చికిత్స చేస్తారు. ఈ ట్యూబులతో చిక్కేమిటంటే, నీలంగా వెలుగుతూ కనిపిస్తూనే ఉంటాయి గాని, అసలు పని చేసే కాంతి కంటికి ఆనదు. అది తగ్గిపోయినా పైకి తెలియదు. అందుకే మీటరు కావాలి. ఆ మీటరు నిజం చెబుతోందని ఎవరో ఒకరు పూచీ పడాలి. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో మా ప్రాంతంలో ఆ పూచీ మాది. ఏలూరు పవర్‌పేటలో మేడ మీద నాలుగు గదుల ల్యాబు. అందులో గోడలకు నల్లరంగు వేసిన చివరి గది నాది.

ఆ గదిలో రెండు స్టాండర్డు డిటెక్టర్లు ఉండేవి. వాటికి పెద్దోడు, చిన్నోడు అని పేర్లు పెట్టుకున్నాను. పెద్దోడు ఏటా బెంగళూరులోని పై స్థాయి ల్యాబుకు వెళ్లి సరిచూపించుకుని వస్తాడు. మిగతా రోజులన్నీ బీరువాలోనే. చిన్నోడు రోజువారీ పని చేస్తాడు. నెలకోసారి ఇద్దర్నీ ఒకే దీపం కింద పెట్టి, ఒకే మాట చెబుతున్నారా అని చూసేవాణ్ణి. రెండింటికీ ముఖం మీద చొక్కా గుండీ కంటే కాస్త పెద్దదైన తెల్లటి టెఫ్లాన్ బిళ్ల ఉంటుంది. వెలుగు దాని గుండానే లోపలికి పోవాలి. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు మిగతాదంతా మరిచిపోయినా ఆ బిళ్లను మాత్రం మరిచిపోకూడదు. మన పరువంతా దాని మీదే ఉంటుంది.

ఇంకో మాట. యూవీని ఆపే కళ్లద్దాలు లేకుండా ఆ దీపం వైపు ఒక్కసారి కూడా చూడకండి. చేరిన కొత్తలో నేను చూశాను. అప్పటికి ఏమీ కాలేదు. సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టయింది.

సత్యానందం గారు

ఆయన తండ్రి మిషన్ స్కూల్లో సైన్సు మాస్టారు. ఈయన హైదరాబాదులో పెద్ద ఉద్యోగం వదులుకుని ఏలూరు వచ్చి ల్యాబు పెట్టారు. టీవీలు బాగుచేసుకునే నన్ను, చేతిలో గ్రంథాలయం పుస్తకం చూసి పనిలోకి తీసుకున్నారు. "చదివింది అర్థమైందా?" అని అడిగితే, "సగం అయిందండీ" అన్నాను. "ఆ మిగతా సగం కోసం రేపట్నుంచి వచ్చెయ్" అన్నారు.

ఓపిక ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దీపం వెలిగించగానే కొలవనిచ్చేవారు కాదు. అది వేడెక్కి నిలకడకు వచ్చేదాకా బయట కూర్చోబెట్టి టీ తాగించేవారు. "దాన్ని కుదురుకోనివ్వవయ్యా. ఈలోగా నువ్వూ కుదురుకో" అనేవారు. నా చేతి వేగం తగ్గి, పని బాగుపడింది ఆ టీల వల్లే.

ఆయనలో లోపం కూడా చెప్పాలి. కస్టమరు ఫిర్యాదు చేస్తే ఆయనకు అది అవమానంగా తోచేది. "స్టాండర్డు మన దగ్గరుంది, వాళ్ల దగ్గర లేదు" అన్నది ఆయన వాదన. ఆ వాదన దాదాపు ఎప్పుడూ నెగ్గేది. అలా నెగ్గుతూ రావడం వల్లే దాని మీద ఆయనకు అనుమానం కలగలేదు.

ఆయన ఆదివారం చర్చికి తప్పనిసరిగా వెళ్లే మనిషే గాని, దసరాకు మా ల్యాబులో ఆయుధపూజ జరగాల్సిందే. ఆఫీసు తుడిచి, టీ పెట్టే సూర్యకాంతం గారు పసుపు కుంకాల పళ్లెంతో గది గదికీ వచ్చి తక్కెళ్లకూ థర్మామీటర్లకూ బొట్లు పెట్టేది. అందరికంటే ముందు పులిహోర తినేది సత్యానందం గారే.

చర్మం చెప్పిన మాట

ఒక ఏడాది దసరా వెళ్లాక తాడేపల్లిగూడెం నుంచి చర్మవ్యాధుల డాక్టరు వసుంధర గారు తన మీటరును ఎప్పట్లాగే మాకు పంపారు. చిన్నోడితో పోలిస్తే అది కాస్త ఎక్కువ చూపిస్తోంది. సరిచేసి, స్టిక్కరు అంటించి, పంపించాను. కొన్ని వారాల తర్వాత ఆవిడ ఫోన్ చేసి, "ఒకసారి రాగలరా అండీ" అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే భయం వేసింది.

నేను వెళ్లేసరికి ఆవిడ గదిలో ఒక పేషెంటు ఉంది. పేరు నాగమణి. కొల్లేటికోటలో చెరువుల మీద పని. చేతుల మీదా మెడ మీదా బొల్లి మచ్చలు. యూవీ పెట్టెలో నిలబడి వైద్యం చేయించుకోవడానికి ఆవిడ పడవెక్కి, రెండు బస్సులు మారి వస్తోంది. తెల్లమచ్చల మధ్య గోధుమరంగు చుక్కలు పుట్టడం మొదలైంది, అంటే వైద్యం పట్టిందన్నమాట. సరిగ్గా అప్పుడే రెండు చేతులూ కంది, బొబ్బలెక్కాయి.

డాక్టరు గారు నాకు వరసగా చెప్పారు. పెట్టెలో ఎంతసేపు నిలబెట్టాలన్నది మీటరు చూసే లెక్క కడతారు. మా దగ్గర్నుంచి తిరిగొచ్చాక మీటరు ట్యూబుల వెలుగు తగ్గిందని చూపించింది. వెలుగు తగ్గింది కదా అని సమయం పెంచారు. పెంచగానే నాగమణితో పాటు మరికొందరికి కూడా ఒళ్లు కందింది.

"మీ మీటరేమో వెలుగు తగ్గిందంటోంది. నా పేషెంట్ల చర్మమేమో పెరిగిందంటోంది. నేను దేన్ని నమ్మాలండీ?" అన్నారావిడ.

నేను నోరు తెరిచేలోగా నాగమణి అంది. "ఏవండీ, ఆ మీటరు మంచిదో కాదో చూసేది మీరేనా?"

"నేనేనమ్మా."

"మరి మిమ్మల్నెవరు చూస్తారండీ?"

పెద్దోడి గురించీ బెంగళూరు గురించీ చెప్పబోయాను. ఆవిడ వినలేదు. చేతులు రెండూ ఎత్తి పట్టుకునే ఉంది, చీర తగిలితే మంట. "నా చేతుల్తో మంచినీళ్లిస్తే పుచ్చుకునేవారు కాదండీ మా వోళ్లే. ఈ చుక్కలొచ్చాక మా తోడికోడలు పుచ్చుకుంది. అందుకని వచ్చేనండి ఇన్నాళ్లూ. ఇంక రాను. మచ్చలుంటే ఉండనివ్వండి, కాలితే నేను వల ఎలా పట్టుకోనండీ?" అంది.

డాక్టరు గారు ఆవిడకు మందు రాసి, "పుండు మానేదాకా ఆపుదాం నాగమణీ. మానెయ్యకు. మధ్యలో వదిలేస్తే వచ్చిన చుక్కలు కూడా పోవచ్చు" అని చెప్పారు. తర్వాత నావైపు తిరిగి, "మానేలోగా నాకు నిజమైన అంకె కావాలి. అది లేకుండా ఈ పెట్టెలోకి ఎవర్నీ పంపను" అన్నారు.

గూడెం నుంచి ఏలూరు వచ్చే పాసింజరు రైల్లో నాకు ఒకటే ఆలోచన. ఆవిడ మళ్లీ ఆ పెట్టెలోకి అడుగు పెట్టాలంటే తప్పు ఎక్కడుందో నేను కనిపెట్టాలి. నా బదులు వెతకడానికి ఇంకెవరూ లేరు.

పెద్దోడూ చిన్నోడూ ఒకటే అన్నారు

సత్యానందం గారు నేను అనుకున్నట్టే అన్నారు. "ట్యూబులు మార్చి ఉంటారయ్యా. కొత్త ట్యూబుకు కొత్త కాక."

"మార్చలేదండీ. అడిగాను."

"సరే, మనవాళ్లిద్దర్నీ పోల్చు."

పోల్చాను. పెద్దోడూ చిన్నోడూ ఎప్పట్లాగే ఒకే మాట చెప్పారు. "చూశావా!" అన్నట్టు నావైపు చూశారాయన.

రెండు రోజులకు కైకలూరు రొయ్యల ప్లాంటు సూపర్‌వైజరు సుబ్బరాజు గారు ఫోన్ చేశారు. ఆయన మాట్లాడితే సగం వేళాకోళమే. "ఏవండీ రత్నం గారూ, మీ దగ్గర్నుంచి వచ్చినకాడ్నుంచి మా మీటరుకి నీరసం పట్టుకుందండీ. ట్యూబు వీకైపోయిందంటే కొత్తదేయించాను. కొత్తది కూడా వీకేనంటోంది. మా రొయ్య పెట్టమంటారా దానికి, బలం వస్తాది?"

నేను నవ్వలేదు. అది కూడా దసరా తర్వాత సరిచేసి పంపిన మీటరే. దానిది కూడా అదే తప్పు, అదే వైపు. రెండు ఊళ్లలో, రెండు రకాల ట్యూబుల కింద ఒకే తప్పు వస్తోందంటే ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్నది మేమొక్కళ్లమే.

ఆ మాట సత్యానందం గారితో అంటే మొహం ఎర్రబడింది. "ఇద్దరు సాక్షులూ ఒకటే చెబుతుంటే నువ్వు జడ్జీని అనుమానిస్తావేంటయ్యా?"

"ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారండీ. ఒకే తిండి తింటున్నారు" అన్నాను. ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన విసురుగా లేచి కిందికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడి లైబ్రేరియను కరీముల్లా గారికి నా సంగతి తెలుసు. ఏ పుస్తకమని అడక్కుండా, "వెలుగేనా?" అని అడిగి అర చూపించారు. ఎప్పుడో చదివిన పాఠాన్నే మళ్లీ చదివాను. కంటికి శుభ్రంగా కనిపించేది యూవీకి శుభ్రంగా ఉండకపోవచ్చునని ఒక పుస్తకంలో ఉంది. నూనె జిడ్డు మన కళ్లకు కనపడదు గాని ఆ కాంతిని మింగేస్తుంది. ఇంకో పుస్తకంలో, కొన్ని పదార్థాలు యూవీ పడితే తామే రంగులో మెరుస్తాయని ఉంది. ఈ రెండు సంగతులూ నాకు ముందే తెలుసు. రెంటినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

గది చీకటి చేస్తే

మర్నాడు పొద్దున్నే సత్యానందం గారిని గదిలోకి రమ్మన్నాను. వస్తారనుకోలేదు. కళ్లద్దాలు పెట్టుకుంటూ వచ్చారు. తెర వేసి, లైటు ఆర్పి, పెద్దోణ్ణీ చిన్నోణ్ణీ పక్కపక్కన పెట్టి యూవీ దీపం మీద మామూలు వెలుగును ఆపే నల్ల ఫిల్టరు బిగించి వెలిగించాను.

పగటి వెలుగులో మల్లెపూవులా ఉండే ఆ తెల్లటి బిళ్లలు రెండూ చీకట్లో పలచగా ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో మెరిశాయి. అంచుల దగ్గర మరికాస్త ఎక్కువగా, గుడ్డతో గుండ్రంగా తుడిచిన చారల్లాగా.

ఆయన వంగి రెండు బిళ్లలనూ దగ్గరగా చూశారు. "పసుపు" అన్నారాయన.

సూర్యకాంతం గారిని పిలిచాం. ఆవిడ చెప్పింది వింటే తప్పు ఎక్కడా కనపడదు. ఏటా బీరువా తలుపుకీ పెట్టెల మూతలకీ బొట్టు పెట్టేది. ఆ దసరాకు పెద్దోడు అప్పుడే బెంగళూరు నుంచి వచ్చి, ఇంకా పెట్టెలోకి వెళ్లకుండా చిన్నోడి పక్కనే బల్ల మీద ఉన్నాడు. రెండింటికీ వెనక ఇనుప డొప్ప మీద బొట్టు పెట్టింది. మర్నాడు ఆ బొట్లను తడిగుడ్డతో తుడిచింది. దీపపు కుందుల నూనె తుడిచిన గుడ్డే అది. తుడుస్తూ తుడుస్తూ, దుమ్ము ఉంటుందేమోనని ముఖాలు కూడా శుభ్రం చేసింది. ఒకే గుడ్డ, ఒకే చెయ్యి. అందుకే ఇద్దరూ ఒకే అబద్ధం చెప్పారు. నూనె వెలుగును మింగేసింది, పసుపు ఆ నూనెను పట్టించింది.

"నేను మరక లేకుండా తుడిచేనండీ బాబూ" అంది ఆవిడ బిక్కమొహంతో.

"మరక లేదమ్మా" అన్నారు సత్యానందం గారు. "ఇన్నేళ్లుగా ఈ గది తుడుస్తున్నారు. ఇవేంటో మీకెప్పుడైనా చెప్పానా?"

"చెప్పలేదండీ. బిళ్లలనుకున్నాను."

ఆయన మళ్లీ లైటు ఆర్పించి, ఆవిడకు కళ్లద్దాలిచ్చి, దగ్గరుండి చూపించారు. ఈ వృత్తిలో నేను చూసిన మంచి పాఠం అదే. గది తుడిచేవాళ్లకు గదిలో ఏముందో తెలియకపోతే ఆ తప్పు తలుపు తాళం చేతిలో ఉన్నవాళ్లది. ఇది కచ్చితంగా చెబుతున్నాను.

మనిషి వెళ్లి చెప్పాలి

బిళ్లలను స్పిరిటుతో తుడిస్తే మెరుపు పోయింది. అంతమాత్రాన అవి మళ్లీ స్టాండర్డులు అయిపోవు. బెంగళూరు వెళ్లి తిరిగి సరిచూపించుకోవాలి. అప్పటిదాకా మా యూవీ బల్ల మూసెయ్యాలి. దసరా తర్వాత సరిచేసి పంపిన ప్రతి మీటరూ తప్పని దాని సొంతదారుకు తెలియాలి.

"ఎలా చెబుదామంటావ్?" అని అడిగారు. అంతవరకూ సత్యానందం గారు నన్ను సలహా అడగలేదు.

"నాగమణి గారి చేతులు చూశాక ఫోన్లో చెప్పలేనండీ."

ఆయన మీటర్లు పంపినవాళ్ల చిరునామాల పుస్తకం ముందుకు లాక్కున్నారు. "నిజమే. మనిషి వెళ్లి చెప్పాలి. నువ్వు బెంగళూరు వెళ్లు. వీళ్లందరి దగ్గరికీ నేను వెళ్తాను."

వెళ్లారు. ఫిర్యాదును అవమానమనుకునే మనిషి, బస్సెక్కి ఊరూరూ తిరిగి, మా తప్పని చెప్పి వచ్చారు. కైకలూరులో సుబ్బరాజు గారు, "అయితే మీ మీటరుకి పసుపు కుంకాలు పెట్టి మా ట్యూబుని విధవని చేశారంటారు" అని పగలబడి నవ్వారట. "ఆయన నవ్వకుండా తిట్టి ఉంటే బాగుండేదయ్యా" అన్నారు సత్యానందం గారు నాతో తర్వాత. కొందరు తిట్టారు కూడా. ఇద్దరు కస్టమర్లు మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ వివరం మీకెందుకు చెబుతున్నానంటే, నిజం చెప్పినందుకు ఎప్పుడూ మెచ్చుకోలే వస్తుందని మీరు అనుకోకూడదు. అయినా చెప్పాలి.

నేను పెద్దోణ్ణీ చిన్నోణ్ణీ ఒళ్లో పెట్టుకుని బెంగళూరు రైలెక్కాను. అక్కడివాళ్లు ముందు నవ్వి, తర్వాత నవ్వడం మానేసి, పని తొందరగా చేసి పెట్టారు. తిరిగి వస్తూ ఏలూరులో దిగలేదు. తిన్నగా తాడేపల్లిగూడెం వెళ్లిపోయి, డాక్టరు గారి పెట్టె ముందే ఆవిడ మీటరును సరిచేశాను. ట్యూబులు తగ్గనే లేదు, మొదట్నుంచీ ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఆవిడ అంకె చూసి, సమయాన్ని బాగా తగ్గించి కొత్తగా మొదలుపెడతానన్నారు.

"నాగమణి గారు వస్తారంటారా అండీ?"

"కబురు పంపించాను. జరిగిందంతా చెప్పమన్నాను, పసుపు సంగతితో సహా. రావడం ఆవిడ ఇష్టం."

ఒక వారం రాలేదు. ఆ తర్వాతి వారం కూడా రాలేదు. ఆ పై వారం డాక్టరు గారు ఫోన్ చేశారు. నాగమణి వచ్చింది. పెట్టె తలుపు దగ్గర ఆగిపోయిందట. "ముందు ఆ మీటరు ఇటు తిప్పండి డాక్టరమ్మా, అంకె నేను కూడా చూస్తాను" అందట. చూశాకే లోపలికి అడుగు పెట్టిందట. అప్పట్నుంచీ ప్రతిసారీ అదే వరస. ఆవిణ్ణి చూసి మిగతా పేషెంట్లు కూడా అడగడం మొదలుపెట్టారు. వసుంధర గారు ఆ మీటరును అందరికీ కనిపించేలా గోడకే బిగించేశారు.

చెప్పుకోవలసిన పేర్లు

చేతిలో పుస్తకం చూసి పని ఇచ్చి, నా మాట విని బస్సెక్కిన సత్యానందం గారికి కృతజ్ఞతలు. ఏ పుస్తకమని అడక్కుండా అర చూపించిన కరీముల్లా గారికి, మీటరు కంటే పేషెంటు చర్మాన్ని నమ్మిన వసుంధర గారికి, వేళాకోళంలో నిజం చెప్పిన సుబ్బరాజు గారికి కృతజ్ఞతలు.

సూర్యకాంతం గారికి ప్రత్యేకంగా. మరుసటి దసరాకు ఆవిడ పళ్లెం పట్టుకుని మా నల్లగది గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా ద్వారబంధానికే బొట్టు పెట్టింది. "లోపలున్న ఇద్దరికీ కూడా ఇదేనండీ. మీరే చెప్పండి వాళ్లకి" అంది.

చివరగా కొల్లేటికోట నాగమణి గారికి. కొన్నాళ్ల తర్వాత ఏదో పని మీద గూడెం వెళ్తే ఆసుపత్రి వరండాలో కనిపించారు. చేతుల మీద చుక్కలు కలిసిపోయి మచ్చ చాలావరకు మూసుకుంది. నన్ను గుర్తుపట్టి, సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి అందించారు. తాగాను. "ఏవండీ, ఇప్పుడు మిమ్మల్నెవరు చూస్తున్నారు?" అని నవ్వుతూ అడిగారు.

విజయవాడ అమ్మాయీ, నువ్వడిగిన దానికి అప్పుడు ఆవిడకిచ్చిన జవాబే ఇస్తున్నాను.

"మీరేనండీ" అన్నాను.